లెక్కకు కన్నీరు రాదా?

మన తెలుగువారి సభలలో ఈ నడుమ తఱచుగా వినవచ్చు అభియోగ మొకటి కలదు. పిల్లలు చెవులలో ఇయర్‌ఫోన్లు దూర్చుకొని అమెరికా కుఱ్ఱవాండ్ర ఏడుపు పాటలు వినుచున్నారట. ఆ పాటలకు నిలుకడయైన తాళము లేదట, సాధన చేసిన గొంతు లేదట, ఉన్నదెల్లయు గిటారు తీగెలపై కూడికలును తీసివేతలును మాత్రమేనట. "లెక్కలు వేసికొని ఏడ్చువారిని ఎక్కడనైన చూచితిమా?" అని ఒక పెద్ద యడుగును, సభ నవ్వును. హొసూరు మొదలుకొని కృష్ణగిరి, పోచంపల్లి వఱకు మన కుటుంబములు కూడిన పండుగలలో ఈ నవ్వు వినబడనిది అరుదు.

ఆ సభలోనే మఱియొక గడియకు వేఱొక పెద్ద లేచి, నేటి కర్ణాటక సంగీత కచేరీలలో భావము నశించి లెక్క మాత్రము మిగిలినదని వాపోవును. వెనుక వరుసలో కూర్చున్న కుఱ్ఱవాడు, ఈ కచేరీలు లెక్కల పరీక్షలవలె నున్నవి గనుకనే వాటి జోలికి పోవుట లేదని తోడివానితో గొణుగును. ముగ్గురును ఒకరి నొకరు ఎదిరించుచున్నట్లే కనబడుదురు గాని, ముగ్గురి నోటను ఉన్నది ఒకే నమ్మకము: లెక్కయు కన్నీరును ఒక యింట కాపుర ముండవని. ఆ నమ్మకము అబద్ధమని చెప్పుటకే ఈ వ్యాసము. అబద్ధము మాత్రమే కాదు, క్షేత్రయ్య పదములకు వారసులమని చెప్పుకొను మనము పలుకదగని అబద్ధము.

ముందుగా, నిందింపబడుచున్న ఆ పాట యెట్టిదో తెలిసికొనుట న్యాయము. 1980ల నడిమి కాలమున అమెరికా రాజధాని వాషింగ్టనులో, పంక్ అను వేగమైన, బిగ్గరయైన సంగీతమును పాడు యువకులలో కొందఱు నినాదములను విడిచి స్వంత దుఃఖమును పాడ నారంభించిరి. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అను బృందము 1985లో వెలువరించిన ఆల్బమును ఇందుకు మొదటి గుఱుతుగా చెప్పుదురు. ఎమోషనల్ అను మాటను కుదించి ఈ పాటలకు ఈమో అని పేరు పెట్టిరి. ఆ పేరు మోసినవారిలో పెక్కుమందికి అది నచ్చలేదు. మంచి పేర్లలో సగము వెక్కిరింపుగా పుట్టినవే గదా. 1990లలో ఈ ధోరణి చికాగో నగర పరిసరములకును, ఇలినాయి రాష్ట్రపు కళాశాల పట్టణములకును చేరినది. అక్కడ దానికి మఱియొక ధోరణితో పొత్తు కుదిరెను. ఐదు, ఏడు, తొమ్మిది మాత్రల కొలతలను, పాట నడుమ మాఱిపోవు కొలతలను ప్రీతితో వాడు రాక్ సంగీతమును మ్యాథ్ రాక్ అందురు. లెక్కల రాక్ అన్నమాట. కెంటకీ రాష్ట్రపు లూయివిల్ నగరమునకు చెందిన స్లింట్ బృందము 1991లో వెలువరించిన స్పైడర్‌లాండ్ ఆ మార్గమున పలువురు తలచుకొను రచన. ఈ రెండు వాగులును కలిసిన చోట పాఱినదే మిడ్‌వెస్ట్ ఈమో. అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రములలో పుట్టుటచే ఆ పేరు.

అందు మిక్కిలి పేరు పొందినది అమెరికన్ ఫుట్‌బాల్ అను బృందము. పేరు ఆటది, పని పాటది. ఇలినాయి విశ్వవిద్యాలయ మున్న అర్బానా పట్టణమున మైక్ కిన్‌సెల్లా, స్టీవ్ హోమ్స్, స్టీవ్ లేమాస్ అను ముగ్గురు విద్యార్థులు 1990ల చివర కూడి వాయించిరి. 1999లో తొమ్మిది పాటల ఆల్బము నొకదానిని పాలీవైనల్ సంస్థ ద్వారా వెలువరించి, చదువులు ముగియు వేళకు, 2000లో, విడిపోయిరి. అప్పుడు వారిని పట్టించుకొన్నవారు కొద్దిమందియే. తరువాత ఆ పాటలు చేతినుండి చేతికి, తెరనుండి తెరకు ప్రాకి, 2014లో వారు మరల కూడవలసి వచ్చునంతటి కీర్తిని తెచ్చినవి. ఆ ఆల్బము అట్టపై గాయకుల ముఖములు లేవు. రాత్రివేళ క్రిందినుండి చూచిన ఒక యిల్లు, మేడగదిలో వెలుగుచున్న దీపము, అంతే. 2023లో ఆ యిల్లు కూల్చివేతకు లోనుగాకుండ బృందమువారును, పాలీవైనల్ వారును, మఱి కొందఱు మిత్రులును కలిసి దానిని కొనిరి. అద్దె యింటి గోడలపై ఇంత మమకారమేమి యని మనము నవ్వనక్కఱలేదు. పుట్టిన యిల్లు అమ్ముడుపోయినను ఆ వీథిలో నడచునపుడు తలయెత్తి చూడని వాడు మనలో నెవడు?

ఇక లెక్క సంగతి. పెద్దలు వెక్కిరించు ఆ లెక్క మొదట తీగెల శ్రుతిలోనే యున్నది. సామాన్యముగా గిటారు ఆఱు తీగెలను ఇ, ఏ, డి, జి, బి, ఇ అను స్వరములకు కూర్తురు. ఆ బృందమువారు నెవర్ మెంట్ అను పాటకు వాటిని ఎఫ్, ఏ, సి, జి, సి, ఇ అని మార్చి కూర్చుకొనిరి. చదువుటకు ఇది కరణముగారి చిట్టావలె నున్నది. మన స్వరములలోనికి మార్చి చూడుడు. ఎఫ్‌ను షడ్జముగా గొన్నచో, లావు తీగెనుండి సన్న తీగె వఱకు స, గ, ప, రి, ప, ని అగును. అంతర గాంధారము, చతుశ్శ్రుతి రిషభము, కాకలి నిషాదము: అన్నియు శంకరాభరణపు స్వరములే. వ్రేలు మోపకయే తీగెలన్నిటిని మీటినను తంబురావలె నిండుగా మ్రోగును గాని, తంబురావలె షడ్జమున విశ్రమింపదు. అన్నిటికంటె పైనున్న తీగె కాకలి నిషాదమున నిలిచియుండును. షడ్జమునకు అరస్వరము దిగువ నున్న ఆ నిషాదమునకు ఎంత దాహమో సంగీత మెఱిగిన ఏ గృహిణి నడిగినను చెప్పును. వాకిలి వఱకు వచ్చి లోనికి రాని చుట్టము వంటిది అది. ఆ శ్రుతిలో తీగెలు మీటినంతనే, గాయకుడు ఇంకను నోరు విప్పక మునుపే, ఏదియో ముగియలేదన్న బాధ చెవికి తగులును. దానిని సాధించుటకు ఆఱవ తీగెను, రెండవ తీగెను అరస్వరము బిగించి, నాలుగవ తీగెను ఒక స్వరము వదల్పవలెను. ఇది లెక్కయే. ఈ లెక్క లేనిచో ఆ బాధయు లేదు.

కాలమును గూర్చి చెప్పవలసినది ఇంతకంటె ఎక్కువ. నాలుగు, ఎనిమిది మాత్రల నడక దేహమునకు సుఖమైనది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఆవృత్తము తిరిగి మొదలగునపుడు మరల కుడికాలే ముందు పడును. ఏడు మాత్రల నడకలో అట్లు కాదు. మొదటి ఆవృత్తము కుడికాలితో మొదలైనచో రెండవది ఎడమకాలితో మొదలగును, మూడవది మరల కుడికాలితో. చదువరులు నవ్వక తమ యింటి వసారాలో ఏడేసి లెక్కించుచు ఒకసారి నడచి చూతురు గాక. దేహము ఎనిమిదవ అడుగునకు సిద్ధమై యుండగా పాట ఏడవదానితోనే మలుపు తిరుగును. ఆ తక్కువైన అడుగు, బంతిలో మనిషి రాక ఖాళీగా నుండిపోయిన విస్తరివలె, కనబడకయే కనబడుచుండును. ఎడబాటును గూర్చిన పాటకు ఇంతకంటె తగిన కొలత యేది? సరిసంఖ్యల తాళములలో దుఃఖము పాడరాదని నేననుట లేదు. పాడినవారు కోట్ల కొలది గలరు. కొఱత యున్న మనస్సునకు కొఱత యున్న కొలత బాగుగా అమరునని మాత్రమే నా వాదము.

ఈ పాటలలో మఱియొక పద్ధతి కలదు. ఒక గిటారు ఐదు మాత్రల వరుసను తిప్పుచుండగా మఱియొకటి నాలుగు మాత్రల వరుసను తిప్పుచున్నదనుకొందము. ఇరువది మాత్రలు గడచినగాని రెండును మొదట కలియవు. అంతవఱకు ఒకదానిని ఒకటి ఒరసికొని పోవుచుండును, తప్పుకొని పోవుచుండును. ఒకే గదిలో కాపురముండియు ఒకరి మాట ఒకరికి అందని యిద్దఱు మనుష్యులను దీనికంటె తెలియజెప్పుటకు కవికి ఎన్ని పద్యములు కావలెను! కలిసిన ఆ ఒక్క క్షణమున వినువాని గుండె ఏల గుబుక్కుమనునో, ఇరువది లెక్కించినవానికి తెలియును. లెక్కింపనివానికి తెలియదు గాని వానికిని గుబుక్కుమనును.

గొంతు సాధన లేదన్న మాట నిజము. ఆ గాయకులు మాటాడుచున్నట్లే పాడుదురు. పైస్థాయిలో గొంతు జీరవోవును, వణకును. కాని చూడుడు. క్రింద తీగెలును మద్దెలయు అంతటి నేర్పుతో లెక్క నడుపుచుండగా, పైన గొంతు ఆ లెక్క తనకేమియు తెలియనట్లు, రాత్రి భోజనమైన తరువాత అరుగుమీద కూర్చున్న స్నేహితునివలె, తనలో తాను చెప్పుకొనుచుండును. నేర్పంతయు క్రింద దాగినది, నిస్సహాయత మాత్రమే పైకి కనబడుచున్నది. ది సమ్మర్ ఎండ్స్ అను పాటలో మద్దెలవాడే బాకా నెత్తుకొని ఊదును. ఆ బాకాలోను ఆడంబరము లేదు. ఇది తెలియక చేసిన పని కాదు.

ఇప్పుడు మన యింటికి వత్తము. కృష్ణా తీరపు మువ్వ గ్రామమున పుట్టి, పదునేడవ శతాబ్దమున దక్షిణదేశమెల్ల తిరిగి, తంజావూరు విజయరాఘవ నాయకుని కొలువున పదములు పాడిన క్షేత్రయ్య, తాను వేల సంఖ్యలో పదములు రచించితినని ఒక పదమున తానే చెప్పుకొనెను. నేడు మనకు మిగిలినవి వందలలోనే. వాటిలో పెక్కింటికి నిర్దేశింపబడిన తాళము త్రిపుట. మూడు, రెండు, రెండు, మొత్తము ఏడు. నేటి గాయకులు వానిని మూడు, నాలుగుగా మిశ్రచాపున పాడుచున్నారు. ఏడే. ఎదురుచూచి అలసిన నాయిక, మఱియొకతె యింటినుండి వచ్చిన నాయకుని చూచి, కోపము నోటికి రాక, కన్నీరు కంటికి రాక నిలిచిన ఘట్టములను మన పూర్వులు ఏడు మాత్రలలో నిలిపిరి. అదియు అతి విలంబ కాలమున. ఆ కాలమున మూడునకును నాలుగునకును నడుమ నుండు ఆ స్వల్పపు ఒరుగుదల, అడుగు వేయుటకు వెనుదీయుచున్న మనిషి నడకవలె వినబడును. ఎనిమిది మాత్రల ఆదితాళములో అదే పదమును పాడి చూచినవారు, అర్థమంతయు ఉండియు ప్రాణము పోయినదని ఒప్పుకొందురు.

ఇది చాలదన్నచో శ్యామశాస్త్రిగారిని తలచుకొందము. 1762లో తిరువారూరున జన్మించి, తంజావూరున జీవించి, 1827లో గతించిన ఆ మహనీయుని యింటి భాష తమిళము, కీర్తనల భాష మిక్కిలి భాగము తెలుగు. సంప్రదాయజ్ఞులు ఆయనను గూర్చి ఒక కథ చెప్పుదురు. భూలోక చాపచుట్టి యను బిరుదముతో దేశము తిరుగుచున్న బొబ్బిలి కేశవయ్య తంజావూరు వచ్చి, సింహనందన తాళమున పాడి ఆస్థాన విద్వాంసులను సవాలు చేసెనట. శాస్త్రిగారు కామాక్షీదేవి సన్నిధిని ప్రార్థించి, సభకు వచ్చి, శరభనందన తాళమున పాడి బదులు చెప్పిరట. లోకమును చాపవలె చుట్టిపెట్టుదునని వచ్చిన మన బొబ్బిలివానికి చాప చుట్టుకొని పోవలసి వచ్చెను. తెలుగువారమైనను ఆ యోటమికి మనము చింతింపవలసిన పని లేదు. కథ సంగతి యెట్లున్నను, తాళ గణితమున ఆయనకు సాటి లేరన్నమాట నిలిచియున్నది. అట్టి గణితజ్ఞుడు భైరవి రాగమునను, యదుకుల కాంభోజి రాగమునను కూర్చిన స్వరజతులను వినుడు. తల్లి కొంగు పట్టుకొని వదలని బిడ్డ గొంతు అది. రెండును మిశ్రచాపు. మూడు నాలుగును తిరుగవేసి, నాలుగు మూడుగా, విలోమ చాపున పాడిన కీర్తనలును ఆయనవే. ఆ స్వరజతులు వినుచు కన్నులు తుడుచుకొన్న పెద్దలే, మఱునాడు మనుమని గిటారు విని "లెక్కలు వేసి ఏడ్చువారు" అనుట ఎంత వింత!

త్యాగరాజస్వామివారి దేశాది తాళపు కీర్తనలలో తాళము ముందుగా మొదలగును. పాట ఒకటిన్నర క్రియ ఆగి, ఆ పిమ్మట అందుకొనును. ఆ ఆగిన చోట గాయకుడు మౌనముగా లెక్కించుచున్నాడు. మనకు వినబడునది లెక్క కాదు, ఊపిరి బిగపట్టుట.

సంగీత మెఱుగని వారమందురా? ఛందస్సు నడుగుడు. మన లాక్షణికులు చెప్పిన వృషభగతి రగడ మూడు, నాలుగు మాత్రల గణములను పదే పదే పేర్చిన నడక. గురజాడ అప్పారావుగారు 1910లో ముత్యాల సరములను కూర్చినపుడు తీసికొన్న నడకయు మూడును నాలుగునే. ఆయన దేశభక్తి గీతమును బడిలో వల్లించిన ప్రతి తెలుగు బిడ్డయు ఏడు మాత్రలలో అడుగులు వేసినవాడే. కన్యక కథను అమ్మమ్మ నోట విని కంట తడిపెట్టిన వారందఱును ఏడు మాత్రలలో ఏడ్చినవారే. ఎవ్వరును లెక్క పెట్టలేదు. లెక్క తన పని తాను చేసికొనిపోయెను.

ఇందు వెంటనే ఒక పొగరు పుట్టు ప్రమాదము కలదు గనుక దానిని ఇచ్చటనే నఱికివేయుచున్నాను. ఆ అమెరికా బాలకులు మన మిశ్రచాపును దొంగిలించిరని గాని, సమస్తమును మననుండియే పోయినదని గాని నేను చెప్పుట లేదు. వారికి క్షేత్రయ్య తెలిసియుండవలసిన అవసరము లేదు. వారి దారి వేఱు, మన దారి వేఱు. వేఱువేఱు దారుల వచ్చినవారు ఒకే బావి యొద్దకు చేరినపుడు, బావి నాదని పోరాడుట కంటె అక్కడ నీరున్నదని తెలిసికొనుట మేలు.

మన యూరి పేరు విని, "పట్టుచీరల పోచంపల్లియా?" అని బయటివారు అడుగుట మనకు అలవాటైన ముచ్చట. ఆ పోచంపల్లి తెలంగాణములో యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. మనది మామిడితోపుల పోచంపల్లి, సంత పోచంపల్లి. అయినను ఆ చీరలను గూర్చి ఒక్క మాట చెప్పుకొనవచ్చును. అక్కడి నేతగాండ్రు మగ్గ మెక్కింపక మునుపే నూలుపోగులను లెక్కించి, లెక్క ప్రకారము కట్లు కట్టి, రంగులో ముంచుదురు. ఒక పోగు లెక్క తప్పినను బొమ్మ చెదరును. ఇంత లెక్కతో వచ్చిన ఆ బొమ్మ అంచులు మాత్రము గీత గీసినట్లుండవు. నీటిలో కదలినట్లు మసకగా నుండును. ఆ మసకకే కదా స్త్రీలు ముచ్చటపడి కొనునది! దానిని చూచి "ఇది లెక్కల చీర" అని వెక్కిరించినవారిని నేనింకను చూడలేదు.

ఎదుటి పక్షమున సత్యము బొత్తిగా లేదనను. కచేరీలో ముగింపు కోర్వై నొకదానిని మూడుసార్లు వాయించి, చప్పట్లకై సభవంక చూచు వైద్యుషమును నేనును సహింపలేను. అక్కడ లెక్క పాటకు పనిచేయుట లేదు, పాట లెక్కకు పనిచేయుచున్నది. గిటారు పట్టినవారిలోను అట్టివారు కలరు. ఎన్ని కొలతలు మార్చితిమో చూపుటకే పాట కట్టుదురు. వారిని నిందించుటకు పెద్దలతో నేనును చేయి కలుపుదును. మఱియొక దోషము ఇంతకంటె పెద్దది. ఈమో పాటలలో మాటాడునది ఎప్పుడును విడువబడిన కుఱ్ఱవాడే. విడిచిపోయిన పిల్లకు నోరు లేదు, ఒక్కొకప్పుడు పేరును లేదు. చికాగోకు చెందిన జెస్సికా హాపర్ అను రచయిత్రి 2003లోనే ఈ విషయమున ఆ గాయకులను గట్టిగా నిలదీసినది. ఆమె యడిగినది న్యాయమే. మన పదములలో, వ్రాసినది పురుషుడైనను, మాటాడునది స్త్రీ. ఆమె కోపించును, ఎత్తిపొడుచును, తలుపు వేసికొనును. మన పిల్లలకు ఈ భేదము ఎవరైన చెప్పిరా? చెప్పవలెనన్న ముందుగా వారి పాటను కూర్చుండి వినవలెను గదా.

పదములను మనము కాపాడితిమని చెప్పుకొనుటకు కూడ మనకు మొగము చాలదు. వానిని ఒకప్పుడు మర్యాదస్థుల యిండ్లలో పాడరాదనిరి, పచ్చి శృంగారమనిరి, ఆ పాడు కులముల స్త్రీలను వెలివేసినట్లు చూచిరి. అప్పుడు కాపాడినవారు మదరాసున వీణ ధనమ్మాళ్ కుటుంబమువారు. 1867 నుండి 1938 వఱకు జీవించిన ధనమ్మాళ్, ఆమె కుమార్తెలు, మనుమరాండ్రైన బృందా, ముక్తా, బాలసరస్వతి, తమిళము మాటాడు యింట తెలుగు పదములను కంటి పాపవలె కాచిరి. ఇంకొక మాట గమనింపుడు. పదము పాడుటలో సాటిలేని దనిపించుకొన్న బృందా ఎవరి శిష్యురాలు? లయగణితమునకు పెట్టినది పేరైన కాంచీపురము నాయనా పిళ్ళైగారి శిష్యురాలు. లెక్క భావమును చంపుననువారు ఈ గురుశిష్య సంబంధమును ఎట్లు సమర్థింతురో నేను వినగోరుచున్నాను.

1940లలో తమిళ ఇసై ఉద్యమము వచ్చినపుడు, తమ నేలపై తమకు తెలియని తెలుగు పాటలే మ్రోగుచున్నవని తమిళులు బాధపడిరి. ఆనాడు మనవారు కొందఱు దానిని తెలుగు ద్వేషమనిరి. నేడు ఆ బాధ యెట్టిదో మనకు తెలియుచున్నది. తమిళనాటి 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పాఠశాలలలో తమిళమును తప్పనిసరి చేసిన పిమ్మట, మన యిండ్లలో తెలుగు చదువనేర్చిన పిల్లల సంఖ్య తగ్గుచు వచ్చుచున్నది. చట్టమును తర్కించుట ఈ వ్యాసమునకు పని కాదు; ఇంటిలో రాత్రి అరగంట తెలుగు చెప్పవలదని ఏ చట్టమును అనలేదు. ఫలితము మాత్రము ఇది: మన మనుమనికి క్షేత్రయ్య తెలుగు ఎంత తెలియునో, అర్బానా కుఱ్ఱవాని గొణుగుడు ఇంగ్లీషును అంతే తెలియును. రెండింటను మాట సగమే అందును. అట్లయ్యు రెండవదానికి వాని కన్ను చెమర్చుచున్నదే, మొదటిదానికి చెమర్చకుండుటకు కారణమేమి? కారణము లెక్క కాదు. రెండవది వానికి ఎవ్వరును విధింపలేదు. మొదటిది పోటీ పరీక్షగా, బహుమానపు గిన్నెగా, వచ్చిన చుట్టములయెదుట ప్రదర్శనగా మాత్రమే వానికి అందినది.

వాడు ఆ పాటలను ఎక్కడ వినుచున్నాడో అదియు ఆలోచింపుడు. పోచంపల్లిలో పుట్టి, హొసూరు కర్మాగారములలోనో బెంగళూరు కార్యాలయములలోనో పనికి కుదిరి, నలుగురితో పంచుకొన్న అద్దె గదిలో, రాత్రి రెండవ జాముననో మూడవ జాముననో వినుచున్నాడు. ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము, బస్సు దిగినంతనే కన్నడము, పనిలో ఇంగ్లీషు. విజయవాడ చుట్టములు వాని తెలుగును అరవ తెలుగందురు. సేలము స్నేహితులు వాని తమిళమును తెలుగు తమిళమందురు. ఏ లెక్కలోను సరిగా ఇమడక ఒకటి తక్కువగానో ఒకటి ఎక్కువగానో మిగిలిపోవు ఆ బాలునికి, ఒకటి తక్కువైన ఆవృత్తము తన యిల్లువలె తోచుట అపరాధమా? ఒక యింట మనుమడు వినుచున్న పాటను విని తాతగారు, "ఏమిరా అబ్బీ, తాళము తప్పి పోతా ఉంది?" అనిరట. "తప్పలేదు తాతా, ఏడు. నువ్వే చేత్తో వేసి చూడు" అన్నాడట వాడు. తాతగారు చాపు వేసి చూచిరో లేదో నాకు చెప్పినవారు చెప్పలేదు. వేసియుండినచో వారి చేతికి అది క్రొత్త కాకపోయెడిది.

కావున మన సంఘ కార్యవర్గమునకు నా విన్నప మిది. వచ్చు ఉగాది సభలో వక్తల పట్టిక నుండి ఇద్దఱిని తగ్గించి (ఆ యిద్దఱిలో నన్ను చేర్చినను సంతోషమే) ఒక గంట కాలము పిల్లలకు ఇయ్యవలెను. వారు గిటారులతో వత్తురు గాక. శంకరాభరణములో, మిశ్రచాపులో క్షేత్రయ్య పదములు కలవు. వానిలో నొకదానిని పదము తెలిసిన మన యాడువారొకరు విలంబమున పాడుదురు గాక. సాహిత్యమును తెలుగు లిపిలోను తమిళ లిపిలోను, అర్థముతో సహా, ఒక కాగితమున అచ్చు వేయించి పంచవలెను. దాని కగు వ్యయము శాలువల వ్యయములో సగము కాదు. గిటారు మెట్లపై మన గమకములు పలుకవని విద్వాంసులు ఆక్షేపింతురు. పలుకనక్కఱలేదు. గమకము గొంతు చూచుకొనును. స, గ, ప, రి, ప, ని అని కూర్చిన తీగెలు శ్రుతి పట్టుకొనును. ముందు వరుసలోని పెద్దలు తాళము వేయవలెను. ఏడు.